తవుడికి కొనుక్కున్న పిల్ల

ఆదివారం పోలియో చుక్కల రోజు. ఆ లోపల నేను చెయ్యాల్సినవి ల్యాబ్ స్లిప్ వెనకాల రాసుకున్నాను:

సూరజ్‌కి పోలియో చుక్కలు వెయ్యొద్దని సహియా దీదీకి ముందే చెప్పాలి.
అదే ఇంట్లో ఉన్న అక్క తోటికోడలి పాపకీ చుక్కలు వద్దు, సూది మందు వేయించాలి.
కాచిన నీళ్ళే. జలుబున్నవాళ్ళెవరూ వాడి గదిలోకి రాకూడదు.
నెలనెలా ఎక్కించే యాంటీబాడీల మందుకి ఆస్పత్రిలో వాడి పేరు రాయించాలి.
అక్క రక్తం రిపోర్టు రాగానే డాక్టర్ మేడమ్‌కి చూపించాలి.
అమ్మ వైపు మూడు తరాల సంగతి ఇంకోసారి అడగాలి.

శుక్రవారం మధ్యాహ్నానికి మొదటి నాలుగూ అయిపోయాయి. సహియా దీదీ మంచిది. అక్క వాళ్ళ వీధిలో ఇంటింటికీ తిరిగి చుక్కలు వేయించేది ఆవిడే. మళ్ళీ రావాల్సిన ఇల్లని చాక్‌పీసుతో తలుపు మీద గుర్తు పెట్టకుండా, నా మాట తన పుస్తకంలో రాసుకుంది. ఆఖరి రెండూ మిగిలాయి. ఆ రెండూ ఒకటే పనని నాకు అప్పటికి తెలీదు.

కిందటి భాగం అందనివాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్తాను. జమ్‌షెడ్‌పూర్ సోనారిలో ఉండే మా అక్క బిందుప్రియ కొడుకు సూరజ్‌కి పది నెలలు. ఆరో నెల దాకా గుండ్రాయిలా ఉన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు నిమోనియా, ఎడతెగని చెవి చీము. గొంతులో టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ ఉండాల్సిన చోట నున్నగా ఉంది. రక్తంలో బి కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలు, వందకి ఒక్కటి కూడా లేవు. అంతవరకూ వాణ్ణి కాచింది కడుపులో ఉండగా అక్క నుంచి వచ్చిన యాంటీబాడీలు. అవి అయిపోయాయి. జీన్ పరీక్షలో తప్పు బీటీకే అనే చోట ఉందని తేలింది.

ఆ బీటీకే అంటే ఏమిటో ముందుగా మా నాన్నకి చెప్పాల్సొచ్చింది. మా నాన్న చిన్నారావు కర్మాగారంలో క్రేన్ కింద నిలబడి చేత్తో సైగలు చేసే పనిలో ముప్పై ఏళ్ళున్నాడు. "నాన్నా, బి కణాలు ఎముక మూలుగులో పుడతాయి. కొంత పెరిగాక ఒకచోట ఆగుతాయి. 'ఇక ముందుకి నడు' అని లోపలికి సంకేతం అందాలి. ఆ సంకేతం అందించేది బీటీకే. అది పనిచెయ్యకపోతే కణం అక్కడే ఆగి అక్కడే చచ్చిపోతుంది" అన్నాను. ఆయన చెయ్యి పైకెత్తి చూపించాడు. "అయితే పైన డ్రైవరున్నాడు, కింద సరుకున్నాది. సైగ చేసీవోడి సెయ్యి నెగడం నేదు. ఇంకేటి కదుల్తాది?" అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత బాగా లేదు.

పోలియో చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్, వేసుకున్న పిల్లల నుంచి ఇంట్లోవాళ్ళకీ అంటొచ్చు. బలం తీసిందే, మామూలు పిల్లలకి రక్షణే. యాంటీబాడీలు లేని పిల్లాడి పేగుల్లో మాత్రం అది దిగబడి, నెలల తరబడి పెరిగి, ఎప్పుడో ఒకసారి నిజం పోలియోగా మారొచ్చు. ఇవేవీ తెలియకముందే సూరజ్ నాలుగుసార్లు చుక్కలు మింగాడు. ఇంతవరకూ ఏమీ కాలేదు. అది అదృష్టం, వైద్యం కాదు. అందుకే డాక్టర్ మేడమ్ నన్ను కూర్చోబెట్టి అడిగారు: "మీ అమ్మ వైపు మగపిల్లలెవరైనా చిన్నతనంలో పోయారా? ఎవరింట్లోనైనా కాన్పు ఉందా? పుట్టిన రోజే మొదటి చుక్క వేస్తారు తనూజా. అది పడకముందే నాకు తెలియాలి."

నేను అమ్మని అడిగాను. "ఎవరూ పోలేదు" అంది అమ్మ. నేను కాగితం మీద మగవాళ్ళకి గడీ, ఆడవాళ్ళకి గుండ్రం పెట్టి వంశవృక్షం గీసి, పోయినవాళ్ళకి పెట్టే కొట్టివేత గీత ఒక్కటీ లేకుండా, శుభ్రంగా ఇచ్చాను. "అయితే ఈ మార్పు కొత్తగా వచ్చిందేమో" అన్నారు మేడమ్. ఆ మాట చెప్పినప్పుడు అమ్మ దేవుడి పటానికి దణ్ణం పెట్టింది. సూరజ్ కోసం అనుకున్నాను.

ఇక శుక్రవారం సంగతి.

నేను పనిచేసేది సాక్చీలో ఒక చిన్న ల్యాబ్‌లో. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, అందుకని రిపోర్టులన్నీ నేనే చదవాలి. అక్క రిపోర్టు బొంబాయి నుంచి పన్నెండింటికి వచ్చింది. బీటీకే ఉన్న కణాల్ని లెక్కపెట్టి గీసే బొమ్మ అది. మామూలు మనిషికి ఒకటే కొండ వస్తుంది. సూరజ్‌కీ ఒకటే, కాకపోతే రావాల్సిన చోట కాకుండా ఎడమ చివర, ఏమీ లేని చోట. అక్కకి రెండు కొండలు వచ్చాయి. సగం కణాల్లో బీటీకే ఉంది. సగంలో లేదు.

అంటే సూరజ్‌కి అది అక్క నుంచే వచ్చింది. మరి అక్కకి ఎక్కణ్ణుంచి?

మేడమ్‌కి ఫోన్ చేశాను. "మీ అమ్మగారి రక్తం, అమ్మమ్మగారి రక్తం ఈ రోజే తీసి పంపు" అన్నారు. రక్తం తీసే సామాన్లు సంచీలో వేసుకుని ఆటో ఎక్కాను. ఆటోలో పక్కనావిడ రెండుసార్లు "తబియత్ ఠీక్ హై?" అని, ఒంట్లో బాగుందా అని అడిగింది.

భుయ్యాడీహ్‌లో మా ఇంటి ముందు గదిలో అమ్మ గౌరీదేవి బియ్యం చెరుగుతోంది. అమ్మమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. టెక్కలి దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చి ఇక్కడ యాభై ఏళ్ళు దాటినా అమ్మమ్మ మాట మారలేదు. "వచ్చినావేటే? ఇంత బేగి? పని నుంచి తగిలీసినారా?" అంది.

"నీ రక్తం తాగడానికొచ్చాను అమ్మమ్మా."

"తాగు తాగు. ఉంటే తాగు."

ఇద్దరి రక్తం తీశాను. అమ్మ చెయ్యి చాపింది గానీ సూది వైపు చూడలేదు, నా మొహం వైపూ చూడలేదు. "అక్క రిపోర్టు వచ్చిందా?" అని కూడా అడగలేదు. నాకు అదే తేడాగా అనిపించింది. పేర్లు రాసుకోవడానికి ఆధార్ కార్డుల ఫొటోలు ల్యాబ్‌కి పంపాను. రెండు నిమిషాల్లో రిజిస్ట్రేషన్‌లో కూర్చునే మనోజ్ ఫోన్. చేతికి గ్లవ్స్ ఉన్నాయని స్పీకర్ పెట్టాను.

"దీదీ, నానీ కా నామ్ తబితా లిఖా హై. క్రిస్టియన్ హైఁ క్యా?"

అమ్మమ్మ పేరు తబితా అని ఉందట, క్రిస్టియన్లా అని. నవ్వొచ్చింది. "అరే నహీఁ, తవిటమ్మ. కార్డులో తప్పు రాశారు."

"మత్‌లబ్ క్యా హోతా హై ఇస్‌కా?"

"మత్‌లబ్..." ఆగిపోయాను. పుట్టినప్పట్నుంచీ వింటున్న పేరు. దానికి అర్థం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. "తవుడు. చోకర్."

"చోకర్!" మనోజ్ పగలబడి నవ్వాడు. కూతురికి ఎవరైనా చోకర్ అని పేరు పెడతారా అని. "ఔర్ భాయీ కా నామ్ క్యా థా, భూసా?" అన్నాడు. మరి అన్నదమ్ముడి పేరేంటి, ఊకా అని.

"నా పేరుకి ఎవుడే నవ్వతన్నాడు?" అంది అమ్మమ్మ.

"మనోజ్ అమ్మమ్మా. తవుడంటే ఏమిటో చెప్పాను."

"నవ్వనీ. తవుడు సవక. సవకది గాబట్టే నన్నెవుడూ ఎత్తుకుపోనేదు."

"ఎవరెత్తుకుపోతారు?"

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "అమ్మా. ఊరుకో" అంది. నాతో, "ఫోన్ పెట్టీ" అంది.

పెట్టేశాను. గ్లవ్స్ తీసి అమ్మమ్మ కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. "అమ్మమ్మా, నీకా పేరెందుకు పెట్టారు?"

"ఏటి సెప్తాను? అమ్మీసినారు గదా నన్ను."

"ఎవరికి?"

"ఎదురింటి ఆవిడికి. సేటలో ఎట్టి గడప బయటెట్టినారు. ఆవిడ సోలెడు తవుడు పోసి కొనుక్కున్నాది. మళ్ళా పాలకోసం మాయమ్మకిచ్చింది. పెంచి పెట్టమనీసి. అంటే నాను మాయమ్మ పిల్లని కాదన్నమాట. కొనుక్కున్న పిల్లని. సావొచ్చి ఈ ఇంటి పిల్లెక్కడంటే నేదని సెప్పొచ్చు." అమ్మమ్మ రాయి ఒకటి ఏరి బయటికి విసిరింది. "తవుడికి కొన్నదాన్ని సావైనా ఏటి సేసుకుంటాది?"

నేను మైక్రోబయాలజీ చదువుకున్నాను. ఇలాంటిది ఎక్కడా వినలేదు. "అలా ఎప్పుడు అమ్ముతారు అమ్మమ్మా? ఏ పిల్లనైనా అమ్మేస్తారా?"

"ముందోళ్ళు పోతేనే."

"చెప్పనా?" అన్నట్టుగా అమ్మ వైపు చూసింది అమ్మమ్మ. అమ్మ లేచి వీధి తలుపు దగ్గరికి వేసింది. పట్టపగలు మా వీధిలో ఎవరూ తలుపు వెయ్యరు.

"ఎవరు పోయారు?" అన్నాను.

"నా ముందు ఇద్దరు అన్నలు. సింహాచలం, అప్పన్న. ఒకడు ఏడాదికి, ఒకడు ఏడాదిన్నరకి. సెవుల్లోంచి చీము కారీదంట. రొమ్ము పట్టీసీదంట. ఆల్ని నాను సూడనేదు."

చెవుల్లోంచి చీము. ఆ రెండు ముక్కలూ సూరజ్ ఫైల్లో మొదటి పేజీలో నేనే రాశాను.

"తరవాత నాను. నా తరవాత తమ్ముడు. ఆడ్నీ అమ్మినారు. తవిటయ్య అన్నారు." అమ్మమ్మ చేతులు పప్పులో ఆగిపోయాయి. "ఆణ్ణి నానే ఎత్తుకునీదాన్ని. ఎనిమిది నెలల దాకా ఎంత బాగుండీవోడే తనూజా. అదే సేట. అదే ఎదురింటావిడ. అదే సోలెడు తవుడు. నాను బతికినాను, ఆడు పోనాడు. ఎందుకు పోనాడో డెబ్బై ఏళ్ళయి నాకు తెలీదు. తమ్ముడి ఆయుస్సు తినీసినావనీసి మా మేనత్త నా మొకం మీదే అన్నాది. నాకప్పుడు ఐదేళ్ళు."

మా అమ్మమ్మ ఏడవదు. అప్పుడూ ఏడవలేదు. మళ్ళీ పప్పులో రాళ్ళు ఏరడం మొదలెట్టింది.

వాడెందుకు పోయాడో నాకు తెలుసు. ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పడానికి ధైర్యం చాలట్లేదు.

"అమ్మమ్మా, తవుడు కాదు" అన్నాను. "నువ్వు ఆడపిల్లవి కాబట్టి బతికావు. ఆ బీటీకే ఎక్స్ అనే దాని మీద ఉంటుంది. ఆడవాళ్ళకి రెండుంటాయి. ఒకటి పాడైనా రెండోది పని చేస్తుంది. మగపిల్లాడికి ఒక్కటే. తల్లి దగ్గర్నుంచి మంచిది వస్తే బతుకుతాడు, చెడ్డది వస్తే..." ఆగాను. "నువ్వు ఎవరిదీ తినలేదు అమ్మమ్మా. తవిటయ్యకి వచ్చిందే నీకూ వచ్చింది. నీ దగ్గర ఇంకోటి ఉంది, వాడి దగ్గర లేదు. అంతే."

అమ్మమ్మ పప్పులోంచి చెయ్యి తీసింది. "మరి నాలోంచి..." అని అమ్మ వైపు వేలు చూపించింది. అక్కణ్ణుంచి సోనారి ఉన్న వైపు.

"ఆఁ."

"తనూజా, ఇంక చాలు." అమ్మ గొంతు నాకెప్పుడూ తెలియని గొంతులా ఉంది. "ఈ మాట గడప దాటకూడదు."

"నీకు ముందే తెలుసు కదమ్మా? డాక్టర్ మేడమ్ అడిగితే ఎవరూ పోలేదన్నావు."

"అన్నాను. మళ్ళీ అడిగినా అంటాను. బిందు అత్త జోగమ్మొదిన పోయిన నెల ఇదే గదిలో కూర్చుని, 'మీ వైపు ఇలాటి రోగాలేటైనా ఉన్నాయా గౌరమ్మా, మా వంశంలో నేవు' అంది. అమ్మవారి పసుపు మీద చెయ్యేసి లేవన్నాను. ఇప్పుడు ఉన్నాయంటే? బిందుని ఏమంటారు? మగపిల్లల్ని మింగే కడుపంటారు. నీకు రేపు సంబంధం వస్తదా?"

"నాకు రాకపోతే పోనీ."

"అదిగో, చదువుకున్నోళ్ళ మాట!"

"అమ్మా, నువ్వు అబద్ధం చెప్పడం వల్ల డాక్టర్ గారు ఇంకెవర్నీ వెతకలేదు. నేను గీసిన కాగితం తప్పు. నా చేత్తో తప్పు రాశాను."

అమ్మ కింద కూర్చుండిపోయింది. చేటలో బియ్యం కొన్ని నేల మీద పడ్డాయి. ఎప్పుడూ ఒక్క గింజ పడనివ్వని మనిషి వాటిని చూడను కూడా లేదు. "నీకేం తెలుసు" అంది మెల్లగా. "బిందు పుట్టి ఆడపిల్లన్నారు. నువ్వు పుట్టి మళ్ళీ ఆడపిల్లన్నారు. మీ నాన్న ఆస్పత్రి బయట మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. నేను లోపల మంచం మీద దుప్పటి మొహానికి కప్పుకుని దణ్ణం పెట్టుకున్నాను. గండం తప్పిందని. రెండుసార్లూ. మూడోది వద్దని ఆపరేషన్ చేయించుకుంది నేనే. ఎవరికీ చెప్పలేదు. అమ్మ చెప్పకపోయినా, తవిటమ్మ అనే పేరుకి అర్థం తెలియని ఆడది ఉంటదా మా ఊళ్ళో?"

నాకు తెలీదు. ఆ ఊరు ఎప్పుడూ చూడనిదాన్ని. ఆ పేరు పిలుచుకుంటూనే పెరిగాను.

ఇంకా ఏదో అనబోయాను. అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఒసే ఉండండి. కీసులాట తరవాత." పప్పు పళ్ళెం పక్కన పెట్టింది. "గౌరికొచ్చిందే కల్యాణికీ వచ్చుంటాది గదా?"

ఇంట్లో ఆ పేరు వినబడి పాతికేళ్ళయింది. కల్యాణి పిన్ని అమ్మకి చెల్లెలు. ఒడియా అబ్బాయిని చేసుకుందని అమ్మ ఆమెతో తెంచుకుంది. నేను గీసిన చెట్టులో కల్యాణి పిన్నికి గుండ్రం కూడా లేదు. "మన ఇంటి వరకే రాయి" అంది అమ్మ అప్పుడు, నేను రాశాను.

"వచ్చే అవకాశం సగం" అన్నాను.

"కల్యాణి కూతురు హేమ నీళ్ళోసుకున్నాది. గమ్హరియాలో ఉంటాది. నెలలు నిండిపోనాయి." అమ్మమ్మ చీర చెంగు ముడి విప్పి, మడతలు పడ్డ చిన్న కాగితం తీసింది. పెన్సిల్‌తో హేమ వాళ్ళ ఫోన్ నంబరు. అమ్మ ఆ కాగితం వైపు, అమ్మమ్మ వైపు మార్చి మార్చి చూసింది. "నాను మాటాడతానే ఉన్నాను గౌరీ. నా కూతురు. నువ్వు తెంపుకుంటే నాకు తెగిపోతాదా? పొద్దున్నే నొప్పులొచ్చినాయని ఆస్పత్రికి తీసుకెళ్ళినారు."

నేను లెక్క వేసుకున్నాను. కల్యాణి పిన్నికి సగం, హేమకి అందులో సగం, హేమ కడుపులో ఉన్నది మగపిల్లాడైతే వాడికి అందులో సగం. ఎనిమిదింట ఒకటి. తక్కువే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిదింట ఒకటి అంటే తక్కువా? సూరజ్‌ని ఎత్తుకున్న చేతులు ఒప్పుకోలేదు. పుట్టిన రోజే మొదటి చుక్క. ఒక్కరోజు ఆపి, బొడ్డుతాడు రక్తం పరీక్షకి పంపితే చాలు. ఆపడానికి ముందు ఎవరో ఒకరు చెప్పాలి.

నంబరు నొక్కాను. స్పీకర్ పెట్టాను. నాలుగు సార్లు మోగాక ఒక మగ గొంతు, నవ్వుతూ, ఊపిరి అందకుండా. "హలో! కౌన్?"

హేమ భర్త సౌరభ్. నేనెవరో చెప్పాను. అతనికి నేనెవరో పట్టలేదు, ఎవరితోనైనా చెప్పుకోవాలనుంది. "బేటా హువా హై! అభీ, బీస్ మినట్ హువా!" బాబు పుట్టి ఇరవై నిమిషాలైందట. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములట. హేమ బాగుందట.

అమ్మమ్మ కళ్ళు మూసుకుంది.

"బాబు ఎక్కడున్నాడు?" అని హిందీలో అడిగాను. "మీ దగ్గరున్నాడా?"

"నర్సు తీసుకెళ్ళింది. టీకాలూ చుక్కలూ అన్నీ ఒకేసారి అయిపోతాయట."

"ఆపండి. చుక్కలు వెయ్యొద్దని చెప్పండి. ఇప్పుడే వెళ్ళి చెప్పండి."

అతని గొంతు మారింది. "ఎందుకు? మీరసలెవరు? మా అత్తగారు మీ గురించి ఎప్పుడూ చెప్పలేదే. బిడ్డ పుట్టిన ఇరవై నిమిషాలకి ఫోన్ చేసి మందు వద్దంటారేంటి?"

అతనిది తప్పు కాదు. నేనే అయినా అలాగే అడుగుతాను. ఎక్స్, బీటీకే, ఎనిమిదింట ఒకటి, అన్నీ ఒకేసారి నోటికి అడ్డం పడ్డాయి. "దేఖియే, వో..." అని మొదలుపెట్టాను.

నా చేతిలోంచి అమ్మ ఫోన్ లాక్కుంది.

"బేటా, నేను హేమ పెద్దమ్మని. గౌరీని. కల్యాణికి అక్కని." అమ్మ హిందీ వీధి హిందీ. "నువ్వు నన్ను చూడలేదు. తప్పు నాదే. నా మాట విను. మా ఇంట్లో మగపిల్లలు పోయారు. చిన్నప్పుడే పోయారు. ముగ్గురు." అక్కడితో హిందీ అయిపోయింది. "పోనారు నాయనా, పోనారు. నాను దాచినాను. నువ్వు పరిగెట్టు."

అవతల ఫోన్ ఏదో బల్ల మీద పడ్డ చప్పుడు, ఆ వెంటనే ఆస్పత్రి వసారాలో చెప్పుల పరుగు, ఎవరో "అరే భాయ్!" అని అరవడం. ఫోన్ కట్ అవలేదు. ముగ్గురం ఆ చప్పుడు దూరమయ్యే కొద్దీ ఫోన్ మీదికి వంగాం. ఎక్కడో తలుపు తెరుచుకుంది. ఒక పసివాడి ఏడుపు, సన్నగా. తర్వాత అది కూడా ఆగిపోయింది.

నోట్లో చుక్క పడగానే పిల్లలు అలాగే ఆగుతారు. ఎవరైనా ఎత్తుకున్నా అలాగే ఆగుతారు.

మీలో దేవుణ్ణి నమ్మేవాళ్ళుంటే దేవుడి దగ్గర, లేనివాళ్ళు మీ మనసులోనే, గమ్హరియాలో ఆ మధ్యాహ్నం ఇరవై నిమిషాల కిందట పుట్టిన, ఇంకా పేరు పెట్టని ఆ పిల్లాణ్ణి గుర్తుంచుకోండి.